పంపని చిట్కా

ఆఫీసులో ఎవరైనా "ఆంటీ" అని పిలిస్తే కిరణ్మయికి ఒళ్ళు మండుతుంది. సిడ్నీలో పారమట్టా స్టేషను పక్కన, ఆ బీమా కంపెనీ ఉన్న అంతస్తులో తెల్లవాళ్ళూ, చైనావాళ్ళూ, లెబనాన్ వాళ్ళూ అందరూ ఆమెను కిరణ్ అనే పిలుస్తారు. నిన్న చేరిన కుర్రాడు కూడా అందరికన్నా పైనున్న నికోల్‌ను నికోల్ అనే అంటాడు, ఆవిడా హాయిగా పలుకుతుంది. ఆ సుఖానికి బాగా అలవాటుపడిన కిరణ్మయికి, కొత్తగా చేరిన గీతిక వచ్చీ రాగానే నిండు ఫ్లోరులో "నమస్తే ఆంటీ, మీరు తెలుగేనట గదా" అనేసరికి చెంపలు వేడెక్కాయి. ఆఫీసులో కిరణ్ అనమ్మా చాలు, అని నవ్వుతూనే చెప్పింది. గీతిక బుద్ధిగా తలూపింది. కాఫీ మిషను దాకా వెళ్ళి వచ్చేలోపు మళ్ళీ ఆంటీ అంది.

పిలుపు సంగతి అలా ఉంచితే, ఆ పిల్ల చూపు కిరణ్మయికి అంతకన్నా నచ్చలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే గీతిక స్క్రీను చూడదు, చేతులు చూస్తుంది. ఏ వేలు ఏ మీట మీద పడిందో, ఎడమచేయి ఎప్పుడు కదిలిందో పట్టిపట్టి చూస్తుంది. "మౌస్ ముట్టకుంటనే అన్ని బాక్సులు ఒక్క లైన్ల ఎట్ల పెట్టిన్రు ఆంటీ? మళ్ల ఒక్కసారి చూపియ్యరా" అంటుంది. చూపిస్తే ఊరుకోదు, ఎందుకలా అని అడుగుతుంది.

చూపించవలసినదానికి కిరణ్మయి దగ్గర కొదవ లేదు. ప్రతి మంగళవారం ఉదయం ఆమె ఫ్లోరు మొత్తానికీ ఒక మెయిలు పంపుతుంది. స్లైడ్ల సాఫ్ట్‌వేరులో ఆ వారానికి ఒక చిట్కా. చార్టు రంగు మార్చితే అక్షరాల రంగు కూడా మారి కనబడకుండా పోతోందా, ఇలా చేయండి. వీడియో ఆఖరి నిమిషంలో మొరాయిస్తోందా, అలా చేయండి. అప్‌డేట్ వచ్చినప్పుడు ఏ బటను ఎక్కడికి పారిపోయిందో కూడా అందులోనే ఉంటుంది. ఈ పని చేయమని ఎవరూ అడగలేదు, దీనికి జీతమూ లేదు. ఆమె దగ్గర ఒక పాత ఫైలుంది. కదిలే అక్షరాలు, వీడియో, చార్టులు, దాచిన స్లైడ్లు, ఈ సాఫ్ట్‌వేరులో ఎన్ని వేషాలున్నాయో అన్నీ అందులో పెట్టుకుంది. కొత్త బియ్యం వస్తే ముందు గుప్పెడు వండి చూసినట్టు, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మొదట ఆ ఫైలు నడిపి చూస్తుంది. ఏది తేడా చేసిందో కనిపెట్టి అప్పుడు మెయిలు రాస్తుంది. పంపిన వెంటనే జవాబిచ్చేది ఒక్క గీతికే. "థాంక్యూ సో మచ్ కిరణ్" అని ఇంగ్లీషులో రాసి పక్కన ఒక గులాబీ పెడుతుంది. రాతలో మాత్రం ఆంటీ ఉండదు, అదొక వింత.

ఆ సోమవారం మధ్యాహ్నం ఇద్దరూ పాంట్రీలో కూర్చుని తింటున్నారు. కిరణ్మయి డబ్బాలోంచి కరివేపాకు కారం గీతిక అన్నంలో కాస్త వేసింది. గీతిక కరీంనగర్ పిల్ల, మెల్‌బోర్నులో క్లేటన్లో చదువు ముగించి ఈ ఉద్యోగం కోసం సిడ్నీ వచ్చింది. హారిస్ పార్కులో ఇంకో ముగ్గురితో కలిసి ఉంటోంది. ఈ కారం తయారీ కిందటి నెలలోనే అడిగి తెలుసుకుని ఇంట్లో చేసుకుంది. తనకు ఈ రుచి రాలేదని ఇప్పుడు మళ్ళీ మొత్తుకుంది.

"అన్నీ మీరు చెప్పినట్టే ఏసిన ఆంటీ. నా చేతిల్నే ఏదో లోపం" అంది.

ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. చివర పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు దంచి కలపాలని కిరణ్మయి చెప్పలేదు. తెనాలిలో వాళ్ళమ్మ కూడా అంతే, ఎవరు అడిగినా వంటకం వివరంగా చెప్పేది, ఒక్క దినుసు మాత్రం కడుపులోనే ఉంచుకునేది. పక్కింటివాళ్ళు చేసుకుని, మీ చేతి మహిమండీ, అని పోయేవారు. అది మోసమని ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. కిరణ్మయి ముద్ద నోట్లో పెట్టుకుని, చేయగా చేయగా వస్తుందిలే, అంది.

గురువారం పైవాళ్ళ ముందు తన ప్రెజెంటేషన్ ఉందని గీతికే చెప్పింది. అది బాగా జరిగితే కాంట్రాక్టు పొడిగిస్తారట, ఆపైన వీసాకు కంపెనీయే స్పాన్సర్ చేస్తుందట. లేకపోతే నెలాఖరుకు సర్దుకోవాల్సిందే. ఇంతకీ దేని మీద, అని కిరణ్మయి మామూలుగానే అడిగింది. గీతిక చెంచా ఆపి, డబ్బా మూత వైపు చూసింది.

"రామానుజం సార్ ఎవ్వరికీ చెప్పొద్దన్నడు ఆంటీ."

రామానుజం వాళ్ళిద్దరికీ మేనేజరు. కాఫీ మిషను దగ్గర దొరికితే కిరణ్మయి గారూ, కిరణ్మయి గారూ అంటూ నెల్లూరు చేపల పులుసు గురించి మాట్లాడతాడు. మీటింగులో మాత్రం ఆమెవైపు తలైనా తిప్పడు. ఆయన ఎవ్వరికీ అన్నాడంటే ఆ ఎవ్వరు తనే అని ఆమె తేల్చుకుంది.

భోజనాలయ్యాక ఆమె అనుమానానికి ఆధారాలు వాటంతట అవే నడిచి వచ్చాయి. గాజుగదిలో రామానుజం, గీతిక తలుపేసుకుని కూర్చున్నారు. ఆయన స్క్రీను మీద ఒకచోట వేలు పెట్టి ఏదో అన్నాడు, గీతిక తల దించుకుంది. బయటికి వచ్చాక ఆ పిల్ల కిరణ్మయి మొహంలోకి చూడలేదు. కిందటి వారం తను చార్టు సర్దుతుంటే గీతిక ఫోను తన చేతులవైపు ఎత్తి పట్టుకుని ఉండటం కిరణ్మయికి అప్పుడు గుర్తొచ్చింది. మెసేజ్ చూసుకుంటోందేమో అనుకుంది ఆనాడు. ఇప్పుడు అలా అనిపించలేదు.

ప్రింటరు దగ్గరికి వెళ్ళే వంకతో వెనకనుంచి నడిచింది. గీతిక స్క్రీను నిండా స్లైడ్లు చిన్నచిన్న పెట్టెలుగా పరిచి ఉన్నాయి. ఒక్క చూపుకే పోల్చుకుంది, అవన్నీ తన చిట్కాలు. తను గీసిన బాణాలు, తను పెట్టిన ఉదాహరణలు, కంపెనీ రంగుల్లో కొత్త చొక్కాలు తొడుక్కుని కూర్చున్నాయి. మూడో పెట్టె మాత్రం వెలిసిపోయి ఉంది, అంకె మీద అడ్డగీత. ఫైలులోనే ఉంచి, నడిపేటప్పుడు తెర మీదికి రాకుండా స్లైడు దాచితే అలాగే కనబడుతుంది. దాని మీద పెద్ద అక్షరాలతో ఉన్నది తన పేరు. అడుగుల చప్పుడు విని గీతిక టక్కున ఆ ఫైలు మూసేసి, ఏమీ లేని మెయిలు పేజీ ముందు పెట్టుకుంది.

కిరణ్మయి ప్రింటరు దగ్గర ఖాళీ ట్రే వైపు చూస్తూ నిలబడింది. అకౌంట్సులో వైశాలికి జరిగింది ఇదే. ముందు కొత్తమ్మాయికి పని నేర్పమన్నారు, తర్వాత చేసే పనంతా ఒకచోట రాసిపెట్టమన్నారు, రాసిపెట్టాక కేకు కోసి ఇంటికి పంపించారు. తనకు నేర్పమని కూడా చెప్పలేదు, నేర్చుకునేదాన్ని పక్కన కూర్చోబెట్టారు. తన పేరు ఉన్న స్లైడు దాచారంటే అది తనను ఏం చేయాలో పైవాళ్ళకు విడిగా చూపించేదే అయ్యుంటుంది. కొత్త మనిషికి పనంతా వచ్చేసింది, పాత మనిషి అక్కర్లేదు, అని గాక ఇంకేం రాస్తారు. చేసినన్నాళ్ళూ ఊరికే పంచిపెట్టిన తెలివితక్కువతనానికి తనమీద తనకే ఏడుపొచ్చింది.

మంగళవారం పొద్దున్న కంప్యూటరు తెరిచేసరికి అప్‌డేట్ వచ్చి ఉంది. కిరణ్మయి అలవాటు చొప్పున పాత ఫైలు నడిపింది. కంప్యూటరులోంచి నడిపినప్పుడు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అదే ఫైలును పంచుకునే లింకు తెరిచి బ్రౌజరులో నడిపితే మాత్రం, రెండో స్లైడు తర్వాత దాచిన స్లైడు దర్జాగా వచ్చి తెర మీద నిలబడింది. కిరణ్మయి వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిపింది, మళ్ళీ వచ్చింది. ఈ ఫ్లోరులో అందరూ లింకులోంచే నడుపుతారు. అలా అయితే ఫైలు మోసుకుపోయే పనిలేదు అని అలవాటు చేసింది తనే.

వెంటనే మెయిలు రాయడం మొదలుపెట్టింది. దాచిన స్లైడును ఈ వారం నమ్మకండి, చూపించకూడనిది ఉంటే తీసి వేరే ఫైలులో పెట్టుకోండి, లేదా ఫైలు కంప్యూటరులోకి దించుకుని నడపండి, అని రాసి, ఎర్రటి బాణంతో బొమ్మ కూడా పెట్టింది. పంపే బటను మీదికి చేయి వెళ్ళి ఆగిపోయింది. ఎదురు వరసలో గీతిక హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెదవులు కదుపుతూ ప్రెజెంటేషన్ వల్లె వేసుకుంటోంది.

చాటుగా రాసుకున్నది పదిమంది ముందూ పడితే పడనీ, అనుకుంది కిరణ్మయి. తను చేస్తున్నది ఏమీ లేదు. ఒక్క మెయిలు పంపకపోవడం కూడా ఒక పనేనా? రాసినది అలాగే ఉంచేసి, పెట్టెల మధ్య ఎడం సమానంగా ఎలా తేవాలో ఎప్పుడో రాసిపెట్టుకున్న చిట్కా ఒకటి తీసి పంపింది. వెంటనే గీతిక దగ్గర్నుంచి గులాబీ వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం గీతిక ల్యాప్‌టాపు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. స్క్రీను మాత్రం తనవైపే తిప్పుకుని ఉంది. పెదవి మీది పొర గోటితో గిల్లుకుంటూ నిలబడింది. రాత్రి సరిగా పడుకోలేదని కళ్ళే చెబుతున్నాయి.

"ఆంటీ, ఒక్కటే డౌట్. రేపు లింకులకెల్లి నడపన్నా, డౌన్‌లోడ్ చేసుకోని నడపన్నా? ఏది సేఫ్?"

కిరణ్మయి కళ్ళజోడు తీసి చున్నీ అంచుతో తుడిచింది. నిజంగా తుడవాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు మెయిలు పంపకపోవడం అనే ముసుగు కూడా లేదు, అడిగినదానికి జవాబు చెప్పాలి. నీ స్లైడ్లలో నా పేరెందుకుంది అని ఈ క్షణాన అడిగేయొచ్చు. అడిగితే తను దొంగచూపు చూశానని ఒప్పుకోవాలి, పైగా ఈ పిల్ల ముందు తనకు కళ్ళనీళ్ళు వచ్చినా వస్తాయి. ఆ చిన్నతనం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"లింకులోంచే నడుపు. అందరం అలాగే కదా చేసేది" అంది.

"మీరు చెప్పిన్రంటే నాకు ధైర్యం ఆంటీ" అని గీతిక వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు సర్దుతూ కిరణ్మయి కూతురు అమూల్యతో విషయం కొంత చెప్పింది. ఆఫీసులో కొత్తగా వచ్చిన అమ్మాయి తన పనంతా కాపీ కొట్టి పైవాళ్ళకు చూపించబోతోందని, తన ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉందని చెప్పింది. లింకు సంగతి చెప్పలేదు. అది చెప్పకుండా దాటేసినట్టు తనకే తెలిసింది. అమూల్యకు తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఇంగ్లీషే వస్తుంది. కంచం తుడుస్తూ "మమ్, హావ్ యూ ఆస్క్‌డ్ హర్?" అంది.

అడగడానికి ఇదేం స్కూలు కాదని కిరణ్మయి కసిరింది. అమూల్య భుజాలు ఎగరేసి తన గదిలోకి పోయింది. మర్నాడు రైల్లో ఫోను చూసుకుంటే గీతిక మెసేజ్ ఉంది, మీ బ్లెసింగ్స్ కావాలి ఆంటీ, అని. కిరణ్మయి "ఫైలు దించుకుని" అని టైపు చేసింది. వెస్ట్‌మీడ్ స్టేషనులో జనం ఎక్కి ఎవరిదో సంచీ మోచేతికి తగిలింది. చూసుకుంటే అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ చెరిపేసి, దండం పెట్టే చేతుల బొమ్మ పెట్టి పంపింది.

పెద్ద మీటింగు గదిలో నికోల్ బల్ల మధ్యలో కూర్చుంది, పక్కన రామానుజం, చుట్టూ మిగతా టీముల మేనేజర్లు. ఫ్లోరులో ఖాళీగా ఉన్నవాళ్ళు గోడవెంట కుర్చీల్లో సర్దుకున్నారు. కిరణ్మయి తలుపు పక్కన చోటు చూసుకుంది, అక్కడినుంచి గీతిక మొహం బాగా కనబడుతుంది. గీతిక నల్లకోటు ఎవరిదో అరువుది, చేతులు పొడుగు. స్లైడ్లు మార్చే క్లికరు పట్టుకుని నిలకడైన గొంతుతో మొదలుపెట్టింది. మొదటి స్లైడు, కంపెనీ మొత్తానికీ ఒక శిక్షణ కార్యక్రమం. రెండోది, స్లైడ్లు సర్దుకోవడానికే ఒక్కో ఉద్యోగి వారంలో ఎంత సమయం వృథా చేస్తున్నాడన్న చార్టు. నికోల్ ముందుకు వంగింది.

గీతిక మళ్ళీ క్లిక్ చేసింది.

తెర మీదికి కిరణ్మయి పేరు వచ్చింది. దాని కింద, ఈ కార్యక్రమంలోని చిట్కాలన్నీ ఈమెవి, అని ఉంది. ఏళ్ళ తరబడి భోజనం వేళ కూర్చుని తనే పరీక్షించి, తనే రాసి, ఎవరూ అడగకుండా మనందరికీ పంపింది, నేను పోగుచేశానంతే, అని ఉంది. ఈ కార్యక్రమం నడపవలసింది కిరణ్మయి, అని చివర మందపాటి అక్షరాలు. పక్కన ఒక ఫొటో. కీబోర్డు మీద రెండు చేతులు, కుడిచేతికి ఎర్రగాజు.

కిరణ్మయి తన చేతులవైపు చూసుకుంది. గాజు అక్కడే ఉంది.

గీతిక తెరవైపు తిరిగి చూసి, రంగు పోయిన మొహంతో క్లికరు ఒకదాని వెంట ఒకటి నొక్కేసింది. ఎటుపోయిందో ఏమో నాలుగూ అయిదూ దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. నికోల్ ఆ మూడోది మళ్ళీ చూపించమంది. చూపించాక, ఈ మనిషి ఎవరు, అని అడిగింది. గోడవెంట ఉన్న తలలన్నీ తలుపువైపు తిరిగాయి. రామానుజం గొంతు సవరించుకుని, ఆ స్లైడు తీసేయమని తాను ముందే చెప్పానని, చిట్కాలు ఎవరు రాసినా చివరికి అది టీము పనే కదా అని అన్నాడు. ఎందుకు తీసేయమన్నారు, అంది నికోల్, కోపమేమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. ఆయన సమయం చాలదని ఏదో అన్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. తప్పు తనదేనని, తీసేయకుండా దాచానని గీతిక వెంటనే అందుకుంది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో ఎవరూ వినలేదు. కిరణ్మయికి అసలే వినబడలేదు.

మీటింగు అయ్యాక నికోల్ స్వయంగా కిరణ్మయి బల్ల దగ్గరికి వచ్చింది. తనకు ప్రతివారం వచ్చే మెయిలు, పేరు చూడకుండానే, ఐటీవాళ్ళు పంపుతున్నారనుకున్నానని చెప్పి క్షమించమంది. కార్యక్రమం నువ్వే నడపాలి, సోమవారం కూర్చుని మాట్లాడదాం, అని చేయి కలిపి వెళ్ళింది. ఇన్నేళ్ళూ కిరణ్మయి కోరుకున్నది అదే. ఆ మాట చెవిన పడుతున్నంతసేపూ ఆమె నికోల్ భుజం మీదుగా గాజుగదినే చూస్తోంది. రామానుజం నిలబడి మాట్లాడుతున్నాడు, గీతిక కూర్చుని వింటోంది. తలుపు మూసే ఉంది.

బయటికి వచ్చేసరికి గీతిక కోటు విప్పి చేతి మీద వేసుకుంది. కళ్ళు కడుక్కుని వచ్చినట్టుంది. కిరణ్మయి పక్క కుర్చీలో ఎప్పటిలాగే కూర్చుంది.

"కాంట్రాక్ట్ నెలాఖరుతోని అయిపోతదట ఆంటీ. చిన్న చిన్నవి గూడ చూసుకోనోళ్ళకు స్పాన్సర్ చెయ్యం అన్నడు సార్" అంది. ఆ స్లైడు సంగతి తనే ఎత్తింది, "డిలీట్ చెయ్య మనసు రాలే నాకు. దాచిపెడితే ఎవరికి తెలుస్తది అనుకున్న. మీకేమన్న ట్రబుల్ అయితదా ఆంటీ, సార్ మీ మీద కోపం పెట్టుకుంటడా?"

ఏమీ కాదని కిరణ్మయి తలూపింది.

గీతిక ల్యాప్‌టాపు తెరిచి తన మెయిలు పెట్టె ముందుకు తెచ్చుకుంది. ఒక ఫోల్డరు నిండా మంగళవారం మెయిళ్ళే, ఒక్కటీ పోకుండా దాచుకుంది. వెతికేచోట హిడెన్ అని కొట్టి, వచ్చినవాటిని ఒక్కొక్కటే తెరిచి వేలితో వరస పట్టుకుని చదవసాగింది.

"అప్‌డేట్ వల్లనే అయ్యుంటది. మీరు చెప్పే ఉంటరు ఆంటీ, మీరు చెప్పకుంట ఎట్లుంటరు? నేనే ఏడనో చదవకుంట ఇడిచిపెట్టిన" అంది.

ఒకటి మూసింది, ఇంకొకటి తెరిచింది. ఈ వారం మెయిలు కూడా తెరిచి, పెట్టెల మధ్య ఎడం గురించి ఉన్న నాలుగు వాక్యాలనూ మొదటినుంచి చివరిదాకా చదివింది. ఏమీ దొరక్క మళ్ళీ పాతవాటికి వెళ్ళింది. పాంట్రీలో, నా చేతిల్నే ఏదో లోపం, అన్నప్పటి మొహమే అది. కిరణ్మయికి చూస్తూ కూర్చోవడం చేతకాలేదు.

"వెతకొద్దమ్మా" అంది. "పంపలేదు. మంగళవారం పొద్దున్నే కనిపెట్టాను, మెయిలు రాశాను కూడా. పంపలేదు."

గీతిక వేలు స్క్రీను మీదే ఆగిపోయింది. అర్థం కానట్టు చూసింది. కిరణ్మయి తన పెట్టె తెరిచి, పంపకుండా ఉంచిన ఆ మెయిలు ఆమెవైపు తిప్పింది. ఎర్రబాణం చక్కగా గీసి ఉంది. గీతిక దాన్ని కూడా మొత్తం చదివింది. మూడో స్లైడు మీద తన పేరు దూరంనుంచి చూశానని, తనను తీసేస్తున్నారని అనుకున్నానని కిరణ్మయి చెప్పింది. చెబుతుంటే ఆ మాటలు తనకే చిన్నవిగా వినిపించాయి.

"నిన్న నేను మీ దగ్గరికొచ్చి అడిగిన గదా, లింకా, డౌన్‌లోడా అని" అంది గీతిక నెమ్మదిగా. "అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

గీతిక తెరిచిన మెయిళ్ళన్నీ ఒకటొకటిగా మూసింది. ల్యాప్‌టాపు మూతపెట్టి, వైరు చుట్టి, అరువుకోటు దానిమీద మడతపెట్టింది. కుర్చీని అది మామూలుగా ఉండే బల్లకు తీసుకెళ్ళి పెట్టి, ల్యాప్‌టాపు కోసం వెనక్కి వచ్చింది.

కిరణ్మయి కూడా లేచి నిలబడింది. ఇప్పుడే నికోల్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెబుతానని, తప్పు నీది కాదని, నాదని చెబుతానని అంది. ఆ కార్యక్రమం తనకు ఇవ్వకపోయినా ఫరవాలేదంది. నికోల్ గది తలుపు తెరిచే ఉంది, లోపల ఆవిడ ఫోనులో ఎవరితోనో నవ్వుతోంది.

గీతిక ల్యాప్‌టాపు గుండెలకు ఆనించుకుని ఒక్క క్షణం ఆగింది. చెప్పడమో మానడమో ఆమెకే వదిలేసి, ఫ్లోరులో మిగతావాళ్ళంతా ఎలా పిలుస్తారో, అచ్చం అలాగే పిలిచింది.

"యువర్ కాల్, కిరణ్."